ట్రక్కు అడుగున తుప్పు: విస్తరణ సేవలు పట్టించుకోవలసిన ఒక తెగులు

తుప్పు అన్న మాట వినగానే వ్యవసాయ శాస్త్రవేత్తకు ముందుగా స్ఫురించేది వేరుశనగ ఆకు. ఆ తెగులును గుర్తించాలంటే ఆకును తిప్పి చూడాలని తొలి సంవత్సరం విద్యార్థికి సైతం తెలుసు. ఇటుకరంగు పొక్కులు మొదట కనిపించేది ఆకు అడుగుభాగంలోనే. అదే పొలం గట్టున నిలిచి ఉన్న ట్రాక్టరు ట్రక్కు అడుగుభాగాన్ని మాత్రం ఎవరూ వంగి చూడరు. అక్కడా ఇటుకరంగు పొక్కులే ఉంటాయి. అవి ఆకును కాక, నాలుగైదు టన్నుల ధాన్యాన్ని మోసే ఇరుసును, చట్రాన్ని, కొక్కేన్ని తింటూ ఉంటాయి.

పాత ట్రాక్టరు, దాని వెనుక ట్రక్కు చిన్న, సన్నకారు రైతుకు భూమి తరువాత అతి పెద్ద పెట్టుబడి. దాని అడుగున పట్టే తుప్పును మెకానిక్కు సంబంధించిన విషయంగా భావించి విస్తరణ వ్యవస్థ పక్కన పెట్టింది. ఈ వైఖరి మారాలి. ఆ తుప్పుకు మూలం ఎరువుల రవాణాలో, దమ్ములో, ఉప్పునేలల్లో, అంటే సేద్యంలోనే ఉంది. నివారణ కూడా సేద్య క్యాలెండరులోనే ఇమిడి ఉంది. తెగులుకు వర్తించే క్రమమే, అంటే గుర్తించడం, నష్ట పరిమితిని నిర్ణయించడం, నివారించడం, చికిత్స చేయడం, దీనికీ వర్తింపజేయవచ్చు.

ముప్పు ఎక్కడ ఉంది?

ట్రాక్టరు ఇంజను, గేరుపెట్టె దిట్టమైన పోత ఇనుముతో తయారవుతాయి. వాటిపై చేరే నూనె, గ్రీజు కొంతవరకు రక్షణ ఇస్తాయి. కాబట్టి తుప్పు వల్ల ట్రాక్టరు మూలపడటం అరుదు. ట్రాక్టరులో త్వరగా దెబ్బతినేవి బ్యాటరీ కింది పళ్లెం, పాదపీఠాలు, మడ్‌గార్డుల బిగింపులు మాత్రమే.

ట్రక్కు పరిస్థితి వేరు. దాని అడుగున ఉన్న పొడవు దూలాలు, అడ్డ దూలాలు, ఇరుసు బిగింపులు, కమానుల పట్టీలు, ట్రాక్టరుకు తగిలించే త్రికోణపు ముందు చట్రం అన్నీ అతుకులతో కూడిన ఉక్కు భాగాలు. ప్రతి అతుకూ నీరు, బురద నిలిచే చోటే. వీటిలో ఏది విరిగినా బండి అక్కడే ఆగిపోదు, అదుపు తప్పుతుంది. చాలా ట్రక్కులకు పనిచేసే బ్రేకులు ఉండవు. కాలువ గట్టుపై కొక్కెం తెగితే ట్రక్కు ఎటు పోతుందో చెప్పనక్కరలేదు. ట్రక్కులో మనుషులను ఎక్కించరాదని నిబంధన ఉంది. అయినా నాట్ల కాలంలో, మిరప కోతల కాలంలో తెల్లవారుజామున కూలీలతో నిండిన ట్రక్కులు కనిపించని మండలం అరుదు. అందువల్ల ఈ తుప్పును యంత్ర నిర్వహణ ఖర్చుల పద్దులో వేసి ఊరుకోవడం సరికాదు. ఇది ప్రాణరక్షణకు సంబంధించిన అంశం.

పొలమే తుప్పుకు పుట్టిల్లు

ఇనుము, నీరు, ఆమ్లజని కలిస్తే తుప్పు పుడుతుంది. నీటిలో లవణాలు కరిగి ఉంటే విద్యుత్ ప్రవాహం సులువై ఈ చర్య వేగం పుంజుకుంటుంది. లవణాలలో క్లోరైడు మరింత హానికరం. లోహంపై ఏర్పడే పలుచని రక్షణ పొరను అది ఛేదించి గుంటలు తొలుస్తుంది. తుప్పుగా మారిన ఇనుము మొదటి ఇనుముకంటే రెట్టింపుకు పైగా స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందుకే రెండు పట్టీల మధ్య పుట్టిన తుప్పు వాటిని పైకి ఎగదోసి, రివెట్లను, బోల్టులను లాగుతుంది.

ఈ మూడింటినీ ట్రక్కు అడుగుకు చేర్చేది సేద్యమే. మొదటిది ఎరువులు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో బరువు రీత్యా సుమారు 45 శాతం క్లోరైడే. అమ్మోనియం లవణాలు తేమలో కరిగి ఆమ్ల గుణాన్ని కలిగిస్తాయి. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే యూరియా తనంతట తానే తేమను పీల్చి కరగడం మొదలుపెడుతుంది. యూరియా, పొటాష్ కలిసి ఒలికితే అంతకన్నా తక్కువ తేమ వద్దనే కరుగుతాయి. కోస్తా జిల్లాల్లో రాత్రివేళ గాలిలో తేమ తరచుగా 80 శాతం మించుతుంది. అంటే చినిగిన బస్తా నుంచి ట్రక్కు అడుగు రేకు సందుల్లోకి జారిన గుప్పెడు ఎరువు, వాన పడకపోయినా, ప్రతి రాత్రీ ఉప్పునీరుగా మారుతూ ఉంటుంది. కోళ్ల ఎరువు రవాణా కూడా ఇటువంటిదే. అందులో తేమ, అమ్మోనియా, లవణాలు మూడూ ఉంటాయి.

రెండవది దమ్ము. దమ్ము చక్రాలు ఎగజిమ్మిన బురద చట్రం మూలల్లో, ఇరుసు మీద గట్టిగా పేరుకుంటుంది. పైకి ఎండినట్లు కనిపించినా లోపలి పొర రోజుల తరబడి తడిగానే ఉంటుంది. బురద కింద ఆమ్లజని తక్కువ, బురద అంచుల వద్ద ఎక్కువ. ఈ తేడా వల్ల బురద కింది లోహం వేగంగా కరుగుతుంది. ముంపు నేలలో ఇనుము క్షయకరణం చెంది కరిగి, ఆమ్లజని అందే వరి వేరు చుట్టూ తుప్పురంగు పూతగా పేరుకోవడం మృత్తికాశాస్త్ర విద్యార్థులకు సుపరిచితం. ఆమ్లజని అందే చోటికీ అందని చోటికీ ఉన్న తేడాయే అక్కడ వేరుకు పూత పూస్తోంది, ఇక్కడ ట్రక్కుకు గుంట పెడుతోంది.

మూడవది ఉప్పు. కృష్ణా, గోదావరి డెల్టాల చివరి భూముల్లోని చౌడు, ఆక్వా చెరువుల ఉప్పునీరు, రొయ్యల రవాణాలో కారే నీరు, చినగంజాం, నౌపడ వంటి చోట్ల ఉప్పుమళ్ల నుంచి జరిగే రవాణా ఈ కోవలోకి వస్తాయి. పొడి వాతావరణం ఉన్న అనంతపురం, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో తుప్పు నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి సిఫారసులు కూడా ఎరువుల సిఫారసుల మాదిరిగా మండలాలవారీగా ఉండాలి. అన్నిటికీ ఒకే సలహా చెల్లదు.

వాడుకలో ఉన్న పద్ధతులు, వాటి లోపాలు

రైతులు తుప్పును పూర్తిగా నిర్లక్ష్యం చేస్తున్నారనడం సరికాదు. వారు చేస్తున్న ప్రయత్నాల్లో కొన్ని అక్కరకు రావు, కొన్ని హాని చేస్తాయి.

ఇంజను నుంచి తీసిన పాత నూనెను అడుగుభాగానికి పూయడం అన్నిటికన్నా విస్తృతంగా ఉన్న అలవాటు. నూనె పొర నీటిని కొంతకాలం అడ్డుకుంటుందన్నది నిజమే. అయితే తడి తుప్పుపై పూసినప్పుడు అది తేమను లోపలే బంధిస్తుంది. దుమ్మును పట్టి ఉంచుతుంది. రబ్బరు భాగాలను ఉబ్బించి పాడుచేస్తుంది. మిగిలినది దమ్ములో కడుక్కుపోయి పొలంలో కలుస్తుంది. వాడిన నూనెలో హానికరమైన కర్బన సమ్మేళనాలు, లోహపు రజను ఉంటాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దానిని ప్రమాదకర వ్యర్థంగానే పరిగణిస్తాయి. నేల ఆరోగ్యం గురించి బోధించే వ్యవస్థ ఈ అలవాటుపై మౌనం వహించడం తగదు.

తుప్పు మీదనే తారు పూయడం రెండవ అలవాటు. శుభ్రమైన, ప్రైమరు వేసిన లోహంపై తారు పూత పనికివస్తుంది. తుప్పుపై వేస్తే మాత్రం లోపల జరిగే క్షయాన్ని కంటికి కనపడనీయకుండా దాచిపెడుతుంది. అమ్మకానికి ముందు పాత ట్రక్కుకు నల్లగా తారు పూయడం వెనుక ఉన్న రహస్యం చాలావరకు ఇదే. అడుగున కొత్తగా మెరిసే నలుపు కనిపిస్తే, కొనేవారు సుత్తితో తట్టి చూశాకే బేరం ఆడాలి.

బండిని నేరుగా కాలువలో దింపి కడగడం మూడవది. దీనివల్ల చక్రాల బేరింగుల్లోకి నీరు చేరుతుంది, నూనె కాలువలో కలుస్తుంది. ఇక దసరా నాడు ఆయుధపూజకు ట్రాక్టరును కడిగి, పసుపు కుంకుమలు అద్ది, బంతిపూల దండ వేస్తారు. పూజ అందుకునేది ఎప్పుడూ ముందుభాగమే. బరువు మోసే అడుగుభాగానికి చెంబెడు మంచినీళ్లయినా దక్కవు.

నివారణ: ఖర్చు స్వల్పం, సమయపాలన ముఖ్యం

నివారణలో అత్యంత ప్రధానమైనది కడగడం. ఎరువు, కోళ్ల ఎరువు, ఉప్పు, రొయ్యలు రవాణా చేసిన రోజునే, వీలుకాకపోతే మరునాటిలోగా, అడుగుభాగాన్ని కింది నుంచి పైకి నీటిని చిమ్మి కడగాలి. ఎరువు రవాణా తరువాత ముందుగా పొడిగా ఊడ్చి, ఆ ఎరువును పొలంలోనే వేయడం మేలు. దమ్ము ముగిశాక బురద గట్టిపడకముందే చెక్క ముక్కతో గోకి కడిగితే పని సులువు. గడ్డకట్టిన తరువాత గునపంతో కొడితే రంగు కూడా లేచిపోతుంది.

కడిగే నీటి నాణ్యత ఈ విషయంలో నిర్ణాయకం. చౌడు ప్రాంతంలోని ఉప్పు బోరు నీటితో కడగడమంటే ఉప్పును ఉప్పుతో తుడవడమే. పైరుకు పనికిరాని నీరు బండి కడగడానికీ పనికిరాదన్న సూత్రాన్ని రైతుకు చెప్పవచ్చు. సాగునీటి విద్యుత్ వాహకతను కొలిచే పరికరం ఇందుకూ ఉపకరిస్తుంది. మంచినీరు తక్కువగా ఉన్న చోట, కనీసం చివరి కడుగుకైనా కాలువ నీటిని లేదా నిల్వ చేసిన వాననీటిని బిందెలతో వాడాలి. కడిగిన నీరు చెరువులోకి, కాలువలోకి పోకుండా చూడాలి. అధిక ఒత్తిడి గల నీటి ధారను బేరింగులపై, వాటి సీళ్లపై నేరుగా పెట్టరాదు. కడిగిన తరువాత గ్రీజు పెట్టవలసిన చోట్ల కొత్త గ్రీజు ఎక్కిస్తే లోపల చేరిన నీరు బయటికి వస్తుంది.

రెండవది ఆరబెట్టడం. నీరు కారిపోయే రంధ్రాలు బురదతో పూడి ఉంటే తీగతో తెరవాలి. బరువు మోసే దూలాలకు సొంతంగా కొత్త రంధ్రాలు వేయరాదు. బండిని గడ్డి మీద, పేడకుప్ప పక్కన, పశువుల కొట్టంలో కాక, గాలి ఆడే ఎత్తైన గచ్చు మీద నిలపాలి. పైన కప్పు ఉంటే మంచిదే. బండిని టార్పాలినుతో నేల వరకు కప్పేస్తే మాత్రం తేమ అడుగున బందీ అవుతుంది.

తనిఖీ, నష్ట పరిమితి

పురుగుల విషయంలో ఆర్థిక నష్ట పరిమితిని చూసి మందు సిఫారసు చేస్తారు. తుప్పుకూ ఇటువంటి పరిమితి అవసరం. అయితే ఇక్కడ తుప్పు ఎంత ఉంది అన్నదానికంటే ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. బ్రిటన్‌లో ఏటా జరిగే వాహన పరీక్షలో బరువు మోసే భాగాల బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపల లోహాన్ని బలహీనపరిచే తుప్పు ఉంటే వాహనాన్ని తిరస్కరిస్తారు. ఈ సూత్రం అందరికీ సులువుగా అర్థమయ్యేది.

తనిఖీకి కావలసినవి చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు. లోహాన్ని తట్టినప్పుడు కంగుమని మోగితే ఆరోగ్యం, బొదబొదమంటే అనుమానం. తుప్పును ఈ క్రింది విధంగా మూడు స్థాయిలుగా విభజించవచ్చు.

మొదటి స్థాయిలో రంగు మారి, పొడిలాంటి పలుచని తుప్పు ఉంటుంది. గోకితే గట్టి లోహం తగులుతుంది. దీనికి శుభ్రపరచి రంగు వేస్తే చాలు.

రెండవ స్థాయిలో పొరలు పొరలుగా లేచే తుప్పు, గుంటలు కనిపిస్తాయి. ఇది అడుగు రేకుకో, పక్క పలకకో పరిమితమైతే చికిత్స చేయవచ్చు. ఇరుసు బిగింపు, కమాను పట్టీ, త్రికోణపు చట్రం, కొక్కెం దగ్గర ఉంటే నిపుణుడు పరిశీలించేవరకు బండిని బరువుకు వాడరాదు.

మూడవ స్థాయిలో స్క్రూడ్రైవరు దిగబడుతుంది, పగుళ్లు, రంధ్రాలు ఉంటాయి. అది బరువు మోసే భాగమైతే ఆ భాగాన్ని మార్చవలసిందే. పూతలు, అతుకులు అక్కడ మోసం చేస్తాయి.

తనిఖీలో ఒక హెచ్చరికను తప్పక పాటించాలి. పైకి లేపిన తిప్పుడు ట్రక్కు కిందికి, హైడ్రాలిక్ జాకీని మాత్రమే నమ్మి ఎవరూ వెళ్లరాదు. బలమైన ఊతకర్రో ఇనుప దన్నో పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డం వేసిన తరువాతే కిందికి దూరాలి.

చికిత్స క్రమం

కోస్తాలో ఈ పనికి అనువైన కాలం రబీ పంట ఇంటికి చేరిన తరువాత, తొలకరికి ముందు. గాలిలో తేమ 85 శాతం మించినప్పుడు రంగు వేయరాదన్నది పెయింటు పనిలో స్థిరపడిన నియమం. తెల్లవారి తేమ ఆరిన తరువాత, నీడలో పని మొదలుపెట్టాలి.

ముందుగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. లేచిన పొరలను సుత్తితో, వైరు బ్రష్షుతో, ఎమరీ కాగితంతో తొలగించాలి. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. లోహంలో గట్టిగా అంటుకున్న పలుచని తుప్పు మిగిలితే తుప్పును మార్చే ద్రావణం వాడవచ్చు. ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో తయారైనవి తుప్పును ఐరన్ ఫాస్ఫేటుగా మారుస్తాయి. టానిన్‌తో తయారైనవి నీలినలుపు ఐరన్ టానేటుగా మారుస్తాయి. రెండవ చర్య తెలుగునాట కొత్తది కాదు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయలో నానబెట్టిన గుడ్డపై, ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టిన కసిమితో నల్లని గీత గీసినప్పుడు జరిగేది ఇదే. కరక్కాయలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసి చెరగని నలుపునిస్తాయి. అంతమాత్రాన కరక్కాయ కషాయాన్ని ట్రక్కుకు పూయమని సిఫారసు చేయలేము. విద్యార్థికి రసాయన సూత్రాన్ని బోధించడానికి మాత్రం ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఈ ద్రావణాలు పొరలుగా లేచిన తుప్పుపై పనిచేయవు, పోయిన లోహాన్ని తిరిగి తీసుకురావు. వాటి తరువాత ప్రైమరు, ఆపై రెండు పూతల రంగు తప్పనిసరి. ప్రైమరు ఎంపికలో జింక్ ఫాస్ఫేటు ఉన్నదానికి ప్రాధాన్యం ఇవ్వాలి. సీసపు సింధూరం, క్రోమేటు కలిసినవి ఆరోగ్యానికి హానికరం. జింకు రజను అధికంగా ఉండే ప్రైమరు శుభ్రమైన నగ్న లోహాన్ని తాకినప్పుడే పనిచేస్తుంది కనుక దానిని తుప్పు మార్చే ద్రావణంపై వేయరాదు. బ్రష్షు చేరని పెట్టె ఆకారపు దూలాల లోపల మైనపు తరహా పూతను పిచికారీ చేయవచ్చు.

వెల్డింగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తుప్పు పట్టిన రేకుపై అతికిన ముక్క నిలవదు. వెల్డింగు వేడికి వెనుకవైపు రంగు కాలిపోయి అక్కడ కొత్త తుప్పు మొదలవుతుంది. కనుక రెండు వైపులా పూత వేయాలి. కమాను పట్టీలు, కొక్కెపు పిన్ను పదును పెట్టిన ఉక్కుతో తయారవుతాయి. వాటిని వెల్డింగు చేస్తే ఆ పదును పోతుంది. వాటిని మార్చడమే మార్గం. కొక్కేనికి తోడుగా దిట్టమైన రక్షణ గొలుసు తగిలించడం అతి చవకైన ప్రాణరక్షణ.

రెండు అభ్యంతరాలు

ఇది వ్యవసాయ ఇంజనీర్ల పని, సేద్యశాస్త్రజ్ఞులది కాదన్నది మొదటి అభ్యంతరం. భాగాల బలాన్ని నిర్ణయించేది ఇంజనీరే, అందులో సందేహం లేదు. కాని ఎరువు ఎప్పుడు వేయాలో, దమ్ము ఎప్పుడు చేయాలో, నీటిలో ఉప్పు ఎంత ఉందో రైతుకు చెప్పేది సేద్యశాస్త్రజ్ఞుడు. ఆ సలహాకే మరొక వాక్యం చేరాలి. రైతు ఏడాదికి పలుమార్లు కలిసేది విస్తరణ అధికారిని. ఇంజనీరును కలిసేది, కలిస్తే, ఇరుసు విరిగిన తరువాత.

పాత బండిని తుక్కుకు అమ్మి కొత్తది కొనడమే మేలన్నది రెండవ అభ్యంతరం. వ్యవసాయ ట్రాక్టరుకు తొలి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు, ఆపై ఐదేళ్లకొకసారి పునరుద్ధరణ. వయసు మీరినంత మాత్రాన దానిని తుక్కు చేయాలన్న నియమం లేదు. సెకండ్‌హ్యాండు బండినే కొనగల రైతుకు కొత్తది కొనమనడం సలహా అనిపించుకోదు. అయితే ఈ వాదంలో సత్యం లేకపోలేదు. మూడవ స్థాయికి చేరిన చట్రంపై డబ్బు పోయడం వృథా. ఎక్కడ ఆపాలో చెప్పడం కూడా విస్తరణ బాధ్యతే.

చేయవలసినవి

మొదటిది, వరి, మొక్కజొన్న, మిరప సాగు సిఫారసుల పుస్తకాల్లో ఎరువుల రవాణా, దమ్ము అంశాల కింద బండి అడుగు కడగడంపై ఒక వాక్యం చేర్చాలి. ఇందుకు బడ్జెటు అవసరం లేదు.

రెండవది, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే విద్యార్థులు, ఒక్కొక్కరు పది ట్రక్కులను పై మూడు స్థాయిల ప్రకారం పరిశీలించి నమోదు చేయాలి. బండి వయసు, రవాణా చేసే సరుకు, కడిగే నీటి రకం, నిలిపే చోటు కూడా రాయాలి. గ్రామంలో అడుగుపెట్టిన తొలి వారంలోనే విద్యార్థికి రైతుతో సంభాషణకు ఇంతకన్నా మంచి నెపం దొరకదు.

మూడవది, దీనిపై చిన్న పరిశోధన చేపట్టాలి. తూకం వేసిన మామూలు ఉక్కు పలకలను ట్రక్కుల అడుగున బిగించి, కడగనివి, ఉప్పు బోరు నీటితో కడిగినవి, కాలువ నీటితో కడిగినవి, కడిగి మైనపు పూత వేసినవి అని విభజించి, ఒక పంటకాలం తరువాత తుప్పు తొలగించి మళ్లీ తూచితే లోహ నష్టం తెలుస్తుంది. ఒక్కొక్క ట్రక్కును ఒక పునరావృతంగా తీసుకోవచ్చు. స్నాతకోత్తర విద్యార్థికి ఒక సమస్యగా ఇది సరిపోతుంది. బాపట్ల వంటి చోట, వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల, ఉప్పునీటి పరిశోధన కేంద్రం రెండూ ఉన్నందున, ఈ పని ఉమ్మడిగా సాగడానికి అనువు ఉంది.

నాలుగవది, యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాల్లో, రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో ఏటా వేసవిలో ఒక రోజును అడుగుభాగం తనిఖీకి కేటాయించాలి. గార్లదిన్నెలోని వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ తోడ్పాటుతో స్థానిక మెకానిక్కులకు, వెల్డర్లకు శిక్షణ ఇవ్వవచ్చు. వారిని పక్కనపెట్టి చేసే ఏ కార్యక్రమమూ నిలవదు.

ఆకు పైభాగం పచ్చగా ఉందని వేరుశనగ చేను ఆరోగ్యంగా ఉన్నట్టు ఏ శాస్త్రవేత్తా ధ్రువీకరించడు, తిప్పి చూస్తాడు. రంగు వేసిన ట్రక్కు పక్కన నిలబడి రైతుతో మాట్లాడేటప్పుడూ అదే అలవాటు అవసరం. నాట్ల కూలీలను ఎక్కించుకుని ఆ ట్రక్కు కాలువ గట్టెక్కకముందే ఎవరో ఒకరు వంగి చూడాలి.